కడప బంగళాలో కావ్యాలకు మరుజన్మ

కాన్‌బెరాలోని గంగాలిన్ నుంచి ఆఫీసుకు వెళ్లే ట్రామ్‌లో నేను తరచూ తెరిచేది 1852 నాటి బ్రౌన్ నిఘంటువు. 1417లో ఇటలీ పండితుడు పోజ్జో బ్రాచ్చోలీని ఒక మఠంలో మరుగునపడ్డ రోమన్ కవి లుక్రీషియస్ కావ్యాన్ని వెలికితీశాడని చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది కడపే.

1820లో కుంపిణీ ఉద్యోగిగా అక్కడికొచ్చిన ఆ నిఘంటుకర్త చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, తర్వాత సొంత బంగళాలోనే పండితులను జీతమిచ్చి నిలుపుకున్నాడు. ఊరూరి నుంచి తాళపత్రాలు తెప్పించాడు. ఆకు మీద గంటంతో గీసిన అక్షరం మసి పూస్తే గానీ స్పష్టంగా కనబడదు. రాయసగాడు ఒక్క దీర్ఘం వదిలేస్తే గణమే చెడుతుంది. అందుకే ప్రతులన్నీ పక్కపక్కన పెట్టి, పాఠభేదాలు చూసి, ఛందస్సుకూ అర్థానికీ నిలిచిన పాఠాన్ని కాగితం మీద శుద్ధప్రతిగా రాయించేవారు. 1829లో వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చయ్యాయి. మనుచరిత్ర, వసుచరిత్రలకు ఆ పండితుల్లో ఒకరైన జూలూరి అప్పయ్య వ్యాఖ్యలు రాశారు.

బ్రౌన్ పేరు చెప్పుకొనేటప్పుడు అప్పయ్యగారి పేరూ చెప్పాలి. దొర డబ్బు, పట్టుదల ఎంత అవసరమో, తప్పుపాఠాన్ని చెవితోనే పట్టేసే ఆ పండితుల చదువూ అంతే అవసరం. ఇక్కడ తెలుగు నేర్చుకుంటున్న మన పిల్లలకు ఈ ఇద్దరినీ కలిపే పరిచయం చేద్దాం.