నూటొక్కమంది కూర్చునే బల్ల కథ

జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల పెళ్ళి భోజనమంటే నిన్నమొన్నటి దాకా బంతి భోజనమే. విస్తళ్ళు పరిచి అందరికీ ఒకేసారి వడ్డించేవారు. ఇంటి యజమాని బంతి పొడుగునా తిరుగుతూ, ‘మొహమాటపడకండి, ఇంకో బూరె వేయించుకోండి’ అని పేరుపేరునా అడిగేవాడు. ఈ మర్యాద రాజభవనంలో ఎలాంటి రూపం దాల్చిందో హైదరాబాద్ ఫలక్‌నుమాలో చూడొచ్చు.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ సోదరిని పెళ్ళాడిన పైగా వంశపు ప్రభువు సర్ వికార్-ఉల్-ఉమ్రా 1884 మార్చి 3న ఆ భవనానికి పునాది వేశారు. చార్మినార్‌కు దక్షిణాన, కొండ మీద కట్టడం ఏళ్ళ తరబడి సాగింది. భోజనశాలలో టేకు, రోజ్‌వుడ్ కలిపి చేసిన బల్ల పొడవు సుమారు 108 అడుగులు. ఒకేసారి 101 మంది కూర్చోవచ్చు. చెక్కడపు కుర్చీలు, పైన షాండ్లియర్లు. ఎంత వైభవమైనా పద్ధతి మాత్రం బంతిదే. అందరిదీ ఒకటే వరస, అందరికీ ఆతిథ్యమిచ్చేది ఒక్క గృహస్థు.

ఆ ఖర్చు వికార్-ఉల్-ఉమ్రాను అప్పుల్లోకి దించింది. భవనాన్ని చూసి ముచ్చటపడిన నిజాం 1890ల చివర దాన్ని తీసుకున్నారు. 1911లో ఆయన కన్నుమూసిందీ అక్కడే. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ విడిది చేశాక ఆ తలుపులు దాదాపు మూతపడ్డాయి.

ఫలక్‌నుమా కట్టడానికి చాలా ముందే, 18వ శతాబ్దంలో, ప్యారిస్‌లో భోజనానికి మరో పద్ధతి పుట్టింది. అప్పటిదాకా అక్కడి సత్రాల్లో అందరూ ఒకే వేళకు ఒకే బల్ల దగ్గర, పెట్టింది తినాల్సి వచ్చేది. కొత్తగా వచ్చిన రెస్టారెంట్లు ఎవరి బల్ల వారికి వేసి, ధరలతో మెనూ చేతికిచ్చాయి. కోరింది తినే స్వేచ్ఛ అలా మొదలైంది.

ఈ రెండు పద్ధతులూ ఫలక్‌నుమాలో కలిశాయి. నిజాం కుటుంబపు రాకుమారి ఎస్రా పర్యవేక్షణలో, తాజ్ సంస్థ పదేళ్ళ పాటు భవనాన్ని బాగుచేయించి 2010 నవంబరులో హోటల్‌గా తెరిచింది. పాతదాన్ని కూల్చలేదు, ఉన్నదాన్నే ఓపికగా నిలబెట్టారు. ఇప్పుడక్కడ హైదరాబాదీ వంటలకు ‘అదా’, పాశ్చాత్య వంటలకు ‘సెలెస్ట్’ ఉన్నాయి. 101 కుర్చీల బల్ల కూడా విందులకు పనికొస్తూనే ఉంది. 2017 నవంబరు 28న, ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు వచ్చినవారికి ప్రధాని మోదీ విందు ఇచ్చింది ఆ భవనంలోనే.

మనకు కొండ మీద కోట అక్కర్లేదు. గోదావరి జిల్లాల్లో మండువా లోగిళ్ళు ఇంకా మిగిలున్నాయి. టేకు స్తంభాలు, నడిమధ్య ఆకాశం కనిపించే మండువా, చుట్టూ చల్లటి వసారా. మంచి హోటల్ పెట్టాలనుకునేవారు అద్దాల గోడలు కట్టేముందు అలాంటి ఇంటిని ఒక్కసారి చూడాలి. దాన్ని బాగుచేసి, వసారాలో బల్లలు వేసి, మండువాలో వారానికోసారి బంతి వేయాలి. పాత ఇల్లు నిలుస్తుంది, పాత మర్యాదా నిలుస్తుంది. అలాంటి లోగిలి మీ ఊళ్ళో ఉంటే పడగొట్టనివ్వకండి.