గ్రిలికెస్, జ్వి (1930 – 1999)

సాంకేతిక పరివర్తనమునకును, ఉత్పాదకతకును, ఆర్థికాభివృద్ధికిని గల సంబంధమును కొలిచి చూపుటకు జీవితమంతయు వెచ్చించిన అమెరికను ఆర్థికవేత్త. లిథువేనియాలోని కౌనాసు నగరమున యూదు కుటుంబమున జన్మించి, నాజీల నిర్బంధ శిబిరమునుండి ప్రాణములతో బయటపడి, పాలస్తీనా మీదుగా అమెరికా చేరి, షికాగోలో 1957లో డాక్టరేటు పొందెను. 1965లో క్లార్కు పతకము లభించెను. 1969 నుండి హార్వర్డులో ఆచార్యుడు.

ఇతని కీర్తికి మూలము సంకరజాతి మొక్కజొన్నపై 1957లో ప్రకటించిన పరిశోధన. అయోవాలో ఈ పంట నాలుగేండ్లలోనే పదవ వంతు నేలనుండి పదింట తొమ్మిది వంతులకు వ్యాపింపగా, అలబామాలో ఆరంభమే మిక్కిలి ఆలస్యమయ్యెను. ఈ విత్తనమును ప్రతి ప్రాంతమునకు ప్రత్యేకముగా రూపొందింపవలసి యుండుటచేత, విత్తన వ్యాపారులు విస్తారమైన విక్రయము లభించు మండలములకే మొదట పోయిరనియు, ఎకరమునకు అదనపు దిగుబడి హెచ్చుగా నున్నచోట రైతులు త్వరగా స్వీకరించిరనియు గ్రిలికెస్ నిరూపించెను. ఇరుగుపొరుగుల ప్రభావమే ప్రధానమని గ్రామీణ సమాజశాస్త్రజ్ఞులు వాదించిరి. ఒక ఊరిలో ఎవరు ముందు, ఎవరు వెనుక యను ప్రశ్నకు ఆ వాదము తగియుండవచ్చును గాని, రాష్ట్రమునకును రాష్ట్రమునకును గల అంతరమునకు లాభమే సమంజసమైన కారణముగా తోచుచున్నది. ఈ రెండు వివరణలను పరస్పర విరోధులుగా నెంచుట పొరపాటని 1960లో ఇతడే వ్రాసెను.

సంకరజాతి మొక్కజొన్నను రూపొందించిన పరిశోధనపై వెచ్చించిన ధనమునకు సాలీనా 700 శాతమునకు తక్కువ గాని ప్రతిఫలము సమాజమునకు దక్కెనని 1958 నాటి వ్యాసమున ఇతడు గణించెను. ఈ అంకెనే పలువురు ఉదాహరింతురు. అదే వ్యాసములోని 35–40 శాతపు అంతర్గత ప్రతిఫల రేటు ఇతర పెట్టుబడులతో పోల్చుటకు ఎక్కువ ఉచితము. ఫలించిన పరిశోధన నొక్కదానినే ఎన్నుకొని లెక్కించినచో ప్రతిఫలము సహజముగనే హెచ్చుగ కన్పట్టునను సంగతిని కూడ పాఠకుడు మరువరాదు.

1909–1949 నడుమ అమెరికాలో శ్రమ ఉత్పాదకత పెరుగుదలలో ఎనిమిదింట ఏడు వంతులు సాంకేతిక పరివర్తనమువలననే కలిగెనని ఆర్థికవేత్త సోలో 1957లో తేల్చగా, శ్రమను, మూలధనమును సరిగా కొలిచినచో వాటితో వివరింపబడని ఆ శేషము దాదాపు అదృశ్యమగునని ఆర్థికవేత్త జోర్గెన్సన్‌తో కలిసి గ్రిలికెస్ 1967లో ప్రతిపాదించెను. ఆర్థికవేత్త డెనిసన్ విమర్శల పిదప వారు ఆ వాదమును కొంత తగ్గించుకొనిరి.

వస్తువుల గుణభేదమును ధరల సూచికలో లెక్కించు పద్ధతికి ఇతనినే ఆద్యునిగా చెప్పుట కలదు గాని, 1939లోనే కోర్ట్ అను ఆర్థికవేత్త మోటారు కార్లకు దానిని ప్రయోగించి యుండెను. విస్మృతమైన ఆ పద్ధతిని 1961లో పునరుద్ధరించిన ఖ్యాతి మాత్రము గ్రిలికెస్‌దే. అమెరికా వినియోగదారుల ధరల సూచిక సాలీనా సుమారు 1.1 శాతము హెచ్చుగ చూపుచున్నదని 1996లో నివేదించిన బాస్కిన్ సంఘములో ఇతడు సభ్యుడు.