ఆత్మరిక్తత (క్రైస్తవము)

ఆత్మరిక్తత యనగా క్రైస్తవ సాధకుడు అహంకారమమకారములను, స్వచిత్తమునందలి పట్టుదలను విడిచి, తన హృదయమును దైవచిత్తమునకు అర్పించుట. గ్రీకు భాషలో దీనిని 'కెనోసిస్' అందురు. దివ్యస్వరూపుడైన క్రీస్తు తన మహిమను వీడి, రిక్తుడై, దాసరూపమును ధరించెనని అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రికలో (2:7) చెప్పిన మాటయే ఈ భావమునకు మూలము.

సుమారు 251లో ఐగుప్తున జన్మించిన అంతోని, ధనికుడగు యువకునకు క్రీస్తు చేసిన త్యాగోపదేశమును దేవాలయమున విని, పిత్రార్జితమైన భూములను విడిచి, ఎడారివాసియై, క్రైస్తవ సన్న్యాసమునకు మార్గదర్శి యయ్యెను. స్పెయిన్ దేశీయుడును కర్మెలు సభవాడును నగు సిలువ యోహాను (1542–1591), పక్షిని కట్టినది సన్నని దారమైనను, లావైన త్రాడైనను, అది తెగువరకు ఎగురుట అసాధ్యమైనట్లు, అల్పమైన ఆసక్తియు ఆత్మను బంధించునని 'కర్మెలు పర్వతారోహణము' అను గ్రంథమున వివరించి, ధ్యానమునందు కలుగు మాధుర్యముపై మక్కువనుగూడ వదలవలయునని బోధించెను.

ఈ త్యాగమునకు పరమార్థము ప్రేమ. తనకై కూడబెట్టుకొనుట మానిన హృదయముననే దైవమునకును, పొరుగువానికిని చోటు కలుగును. గోధుమగింజ భూమిలో పడి చచ్చిననే విస్తారముగా ఫలించునను యోహాను సువార్తలోని దృష్టాంతము (12:24) బోధించు ఆధ్యాత్మికాభివృద్ధి యిదియే.