మూడో నంబరు ఎవరి కోసం?

బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే చాలు, మర్నాటి పత్రికలో ఆ వార్త ఉంటుంది: మచిలీపట్నం, కాకినాడ రేవుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగురవేశారని. చదివినవాళ్లలో చాలామంది దాన్ని పదికి మూడు మార్కుల్లా లెక్కగడతారు. మూడే కదా, పదో నంబరు వచ్చినప్పుడు చూద్దాంలే అనుకుంటారు. వాళ్ల తప్పేమీ లేదు. ఆ అంకెలు పుట్టిందే ఓడల కోసం.

1864 అక్టోబరు 5న పెనుతుపాను కలకత్తాను ముంచేసింది. నెల తిరిగేసరికి, నవంబరు 1న, బందరు (మచిలీపట్నం) మీద ఉప్పెన విరుచుకుపడింది. ఒక్క బందరు ప్రాంతంలోనే సుమారు 30 వేల మంది పోయారని అంచనా. ఆ మరుసటి ఏడు, 1865లో, కలకత్తా రేవులో తుపాను హెచ్చరికల ఏర్పాటు మొదలైంది. దేశంలో అదే మొదటిది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. 1898 నాటికి అన్ని రేవులకూ ఒకే పద్ధతి వచ్చింది. గుడిసెల్లో ఉన్న పేదలు వేలల్లో కొట్టుకుపోతే, హెచ్చరిక మాత్రం ముందుగా నౌకలకు అందింది. వ్యాపారం ఓడల మీద నడిచే కాలం అది.

రేవు స్తంభానికి పగలు శంకువులు, స్తూపాలు వేలాడదీసేవారు. రాత్రి ఎర్ర, తెల్ల దీపాలు. ఒకటి, రెండు నంబర్లంటే ముప్పు ఇంకా దూరాన సముద్రంలోనే ఉందని. మూడు, నాలుగు వచ్చాయంటే ఆ ముప్పు రేవుకే పొంచి ఉందని. అసలు తిరకాసు ఆ తర్వాత ఉంది. ఐదు కంటే ఆరు, ఆరు కంటే ఏడు పెద్దవి కావు. మూడింటిదీ ఒకటే స్థాయి ప్రమాదం. తుపాను రేవుకు ఈ పక్కగా దాటుతుందా, ఆ పక్కగానా, సరిగ్గా రేవు మీదుగానా అన్నదే తేడా. ఎనిమిది, తొమ్మిది, పది కూడా అంతే. కాకపోతే తుపాను మరింత తీవ్రం. పదకొండు అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. లంగరు ఎత్తాలా, ఆగాలా అని చూసే కెప్టెనుకు ఇంతకంటే క్లుప్తమైన సమాచారం ఉండదు. పొలంలో ఉన్న కౌలు రైతుకు మాత్రం అందులో పనికొచ్చేది ఏమీ లేదు.

ఆ లోటు ఎంతటిదో 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమ చూసింది. హెచ్చరికలు రాకపోలేదు. కానీ సముద్రమే ఊళ్ల మీదికి వస్తుందని, ఎంతెత్తున వస్తుందని, ఎక్కడికి పోవాలని తెలిసినవాళ్లు ఎందరు? మృతులు అధికారిక లెక్క ప్రకారమే పదివేలు. గాలివాన అలవాటున్నవాళ్లు గాలివానకే సిద్ధపడ్డారు.

ఆ తర్వాతే హెచ్చరిక ఓడ దిగి ఊళ్లోకి నడిచింది. 1980ల మధ్యలో ఇన్శాట్ ఉపగ్రహం సాయంతో తీర ప్రాంతాల్లో రిసీవర్లు పెట్టారు. ముందు సైరన్ మోగేది, వెంటనే స్థానిక భాషలో మాట వినిపించేది. ముప్పున్న జిల్లాలకే పంపే వీలుండేది. 1990 మేలో మళ్లీ కృష్ణా తీరానికి భయంకరమైన తుపాను వచ్చింది. ఈసారి ఆరు లక్షలకు పైగా జనాన్ని ముందే తరలించారు. మృతులు వెయ్యి లోపే. ఆ వెయ్యీ చిన్న సంఖ్య కాదు గానీ, పదమూడేళ్లలో వచ్చిన మార్పు కళ్లకు కడుతుంది.

మాట ఊరికి చేరింది సరే, ఏ మాట చేరింది? "పశ్చిమ మధ్య బంగాళాఖాతంలో కేంద్రీకృతమైన తీవ్ర వాయుగుండం వాయవ్య దిశగా పయనించి" అంటూ మొదలయ్యే ప్రకటన వింటూ ముసలమ్మ ఏం చేయాలి? అదే మాట ఇలా చెప్పవచ్చు: "రేపు మధ్యాహ్నం మన ఊళ్లోకి ఉప్పెన వస్తుంది. నీళ్లు మనిషి ఎత్తున నిలుస్తాయి. ఈ రాత్రికే హైస్కూలుకు రండి. బస్సు ఎనిమిదింటికి రామాలయం దగ్గర ఆగుతుంది. పశువుల కట్లు విప్పేయండి." ఎప్పుడు, ఎంత, ఎక్కడికి, ఎలా అన్నవి ముందు రావాలి. అక్షాంశాలు తర్వాత రావచ్చు, రాకపోయినా పర్వాలేదు. పశువుల ముచ్చట చిన్నదిగా తోస్తుంది గానీ, గేదెను వదిలి రాలేక ఆగిపోయేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

వేటలో ఉన్నవాళ్ల సంగతి వేరు. 1996 నవంబరులో కోనసీమ తుపానుకు సముద్రం మీదున్న మత్స్యకారులు చాలామంది తిరిగి రాలేదు. సెల్ టవర్ అందని దూరంలో ఉన్న పడవకు కబురు చేర్చడానికి హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్కాయిస్ 2019లో జెమిని పరికరాన్ని తెచ్చింది. ఉపగ్రహం నుంచి వచ్చిన హెచ్చరికను అది పడవలోని ఫోనుకు అందిస్తుంది.

ఒడ్డున సెల్ బ్రాడ్‌కాస్ట్ వచ్చింది. 2023లో దేశమంతా ఫోన్లు ఒక్కసారిగా గట్టిగా మోగి ఉలిక్కిపడేలా చేసిన ప్రయోగం అదే. నంబర్ల జాబితా అక్కర్లేదు, ఆ టవర్ల పరిధిలో ఎవరున్నా వెళ్తుంది. ఒడిశా నుంచి ఇటుక బట్టీకి వచ్చిన కూలీకీ వెళ్తుంది, అయితే తెలుగు లిపిలో మాత్రమే వస్తే అతను చదవలేడు. చెవుడున్న మనిషికి ఫోను వణుకు తెలుస్తుంది, చూపు లేనివారికి మాట వినిపించాలి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ భర్త జేబులో ఉంటే భార్యకు ఏదీ తెలియదు. అందుకే తుపాను కబురు వచ్చినప్పుడు మైకు కట్టిన ఆటో ఇంకా తిరగాలి, ఆశా కార్యకర్త గడప గడపకూ వెళ్లాలి. మంచం దిగలేని వాళ్లు ఏ ఇంట్లో ఉన్నారో, వాళ్లను ఎవరు మోసుకొస్తారో ఊరి పంచాయతీ దగ్గర ముందే రాసి ఉండాలి.