తోలు జాకెట్: మోటారుసైకిలు నడిపేవారికి సరైన కొలత

తెలుగు ఇళ్లలో జాకెట్టు అనగానే ముందుగా గుర్తుకు వచ్చేది రవికే. ఆ రవిక కొలత విషయంలో ఎవరూ రాజీపడరు. ఆది జాకెట్టు ఇచ్చి కుట్టించిన తరువాత కూడా చంక దగ్గర పట్టేసిందని ఒకసారి, భుజం జారుతోందని మరొకసారి దర్జీ వద్దకు తిరుగుతారు. అదే ఇంటిలోని యువకుడు మోటారుసైకిలు మీద వేసుకోవడానికి వేల రూపాయలు పెట్టి తోలు జాకెట్ కొనేటప్పుడు మాత్రం అద్దం ముందు ఒక్కసారి నిలబడి చూసుకొని, కొంచెం వదులుగా ఉంటే లోపల స్వెటరు కూడా పడుతుందనుకొని తెచ్చేసుకుంటాడు. రవిక కుదరకపోతే పాడయ్యేది ఒక పండుగ పూట సంతోషం. తోలు జాకెట్ కుదరకపోతే, కిందపడిన రోజున పాడయ్యేది ఒంటి మీది చర్మం.

సిరోంచ తాలూకా కుటుంబాలకు బండి విలాసం కాదు. ప్రాణహిత, గోదావరి నదులపై వంతెనలు లేని కాలంలో పడవ దాటి, అవతలి ఒడ్డున బస్సు పట్టుకొని వెళ్ళినవారు ఇప్పుడు ఇంటి ముందు బండి ఎక్కి చెన్నూరులోనో, మంచిర్యాలలోనో, కాళేశ్వరం మీదుగా భూపాలపల్లిలోనో దిగుతున్నారు. జిల్లా కేంద్రమైన గడ్చిరోలికి ఆలపల్లి మీదుగా సుమారు 200 కిలోమీటర్లు వెళ్ళవలసి ఉంటుంది. దారిలో అధిక భాగం అడవి. కంకర తేలిన రోడ్డు, వానాకాలంలో గుంతలు, సాయంత్రం ఇళ్లకు మళ్ళే పశువులు ఈ దారిన వెళ్ళేవారందరికీ పరిచయమే. పెద్ద ఆసుపత్రి దగ్గరలో లేని ప్రాంతంలో చర్మం ఊడిన గాయం చిన్న విషయం కాదు. మట్టి, కంకర దూరిన గాయం చీము పట్టి వారాల తరబడి మంచాన పడవేస్తుంది. మిర్చి ఏరుడు రోజుల్లోనో, తునికాకు కల్లం నడిచే రోజుల్లోనో అది జరిగితే ఆ సంవత్సరపు లెక్కలే తారుమారవుతాయి.

జాకెట్ చేసే పని, చేయలేని పని

తోలు జాకెట్ రెండు పనులు చేస్తుంది. రోడ్డు మీద జారినప్పుడు రాపిడిని తాను భరించి చర్మాన్ని కాపాడుతుంది. భుజం, మోచేయి, వీపు దగ్గర అమర్చిన గట్టి మెత్తలు దెబ్బ తీవ్రతను కొంత తగ్గిస్తాయి. ఎదురుగా వచ్చే లారీని గుద్దుకున్నప్పుడు లోపలి అవయవాలను కాపాడే శక్తి ఏ జాకెట్‌కూ లేదు. హెల్మెట్ స్థానాన్ని అది భర్తీ చేయదు. మన దేశంలో 2021 జూన్ 1 నుండి ఐఎస్‌ఐ గుర్తు లేని ద్విచక్ర వాహన హెల్మెట్లను అమ్మరాదన్న ఉత్తర్వు అమలులోకి వచ్చింది. జాకెట్‌కు అటువంటి నిర్బంధ ప్రమాణమేదీ లేదు కనుక మంచిచెడ్డలు కొనేవారే చూసుకోవాలి. చేతిలో ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతే, అది హెల్మెట్‌కే పోవాలి.

ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రా ప్రాంతంలో 2008-09లో ప్రమాదాలకు గురైన 212 మంది మోటారుసైకిలు చోదకులను పరిశీలించిన ఒక అధ్యయనం 2011లో వెలువడింది. మోటారుసైకిలు కోసమే తయారైన జాకెట్ ధరించినవారు ఆసుపత్రిలో చేరవలసి వచ్చే అవకాశం దాదాపు 21 శాతం తక్కువగా ఉన్నట్లు అందులో తేలింది. అదే అధ్యయనంలో మరొక సంగతి కూడా బయటపడింది. ప్రమాదంలో సుమారు 30 శాతం జాకెట్లు చిరిగో, అరిగో, కుట్లు తెగో విఫలమయ్యాయి. అంటే జాకెట్ ఉంటే చాలదు, అది తగినదై ఉండాలి. తోలు ఎంత మంచిదైనా, జారే సమయంలో అది పైకి ఎగబాకి నడుమును, ముంజేతిని బయటపెడితే ప్రయోజనం లేదు. కొలత ప్రాముఖ్యమంతా ఇక్కడే ఉంది.

నిలబడి చూసుకోవడం ఎందుకు చాలదు

జిప్పు ఉన్న తొలి మోటారుసైకిలు జాకెట్‌ను 1928లో న్యూయార్కుకు చెందిన ఇర్వింగ్ షాట్ తయారుచేసినట్లు చెబుతారు. అప్పటి ధర 5 డాలర్ల 50 సెంట్లు. దానికి జిప్పు నిటారుగా కాక ఏటవాలుగా ఉండేది. ముందుకు వంగి కూర్చున్న మనిషికి గాలి లోపలికి చొరబడకుండా ఆ అమరిక తోడ్పడింది. 1953లో మార్లన్ బ్రాండో ఒక చిత్రంలో ఆ తరహా జాకెట్ వేసుకున్న తరువాత అది ప్రపంచమంతటా యువకుల మోజుగా మారింది. బండి మీద కూర్చోవడానికి పుట్టిన దుస్తు నిలబడి ఫోటో దిగడానికి కుట్టే దుస్తుగా మారడం అప్పటి నుండే మొదలైంది. ఈనాడు పట్టణాల దుకాణాలలో వేలాడే తోలు జాకెట్లలో ఎక్కువ భాగం ఈ రెండవ రకానివే.

కనుక జాకెట్‌ను కూర్చొని పరీక్షించాలి. బండిని దుకాణం ముందే నిలిపి, దానిమీద కూర్చొని, హ్యాండిల్ పట్టుకొని చూడటం ఉత్తమం. దుకాణదారు ఒప్పుకోకపోతే ఎత్తయిన స్టూలు మీద కూర్చొని చేతులు ముందుకు చాచినా సరిపోతుంది. హెల్మెట్, చేతి తొడుగులు వెంట తీసుకువెళ్ళాలి. కనీసం పది నిమిషాలు అలాగే ఉండాలి. మొదటి నిమిషంలో తెలియని ఇబ్బంది ఏడో నిమిషంలో మెడ దగ్గరో, చంకలోనో బయటపడుతుంది.

అన్నిటికంటే ముందు చూడవలసినది భుజం. భుజపు కుట్టు భుజం ఎముక చివరన నిలవాలి. అది కిందికి జారితే లోపలి మెత్త కూడా జారి దండ మీదికి వస్తుంది. దెబ్బ తగిలేది మాత్రం ఎముకకే. ఛాతీ దగ్గర జిప్పు పూర్తిగా వేసిన తరువాత అరచేయి చదునుగా లోపలికి దూరాలి, పిడికిలి దూరకూడదు. గట్టిగా ఊపిరి తీసుకున్నప్పుడు పట్టేసినట్లు ఉండకూడదు.

చేతుల పొడవు విషయంలోనే చాలామంది మోసపోతారు. నిలబడినప్పుడు మణికట్టు వద్ద సరిగ్గా ఆగిన చేయి, హ్యాండిల్ పట్టుకోగానే పైకి పోయి మణికట్టును బయటపెడుతుంది. అందువల్ల నిలబడినప్పుడు చేయి మణికట్టు దాటి ఒక అంగుళం వరకు పొడవుగా, కాస్త వికారంగానే కనబడాలి. పైగా కొన్ని నెలలు వాడిన తరువాత మోచేతి వంపులో తోలు ముడతలు పడి చేయి మరికొంత పొట్టి అవుతుంది. 'వేసుకోగా వేసుకోగా అదే సాగుతుందన్నా' అని అమ్మేవారు చెప్పే మాటలో సగమే నిజం. వీపు మీద, మోచేతి వద్ద తోలు కొంత సాగి ఒంటికి అమరుతుంది. పొడవు మాత్రం సాగదు. భుజం వెడల్పు తక్కువైతే అది ఎన్నటికీ సర్దుకోదు.

ఇక మెత్తలు. మోచేతి మెత్త మోచేయి మొనను కప్పి ముంజేతి వైపు కొంత దూరం సాగాలి. చేయి వంచి ఉంచి, రెండో చేత్తో ఆ మెత్తను పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూడాలి. ఎముక మీద నుండి పక్కకు తప్పుకుంటే ఆ జాకెట్ వదులు అని అర్థం. వెంట వచ్చినవారిని ముంజేతి దగ్గర తోలు పట్టుకొని మోచేతి వైపు లాగమని అడగాలి. అది సులభంగా పైకి ఎగబాకితే రోడ్డు కూడా అదే పని చేస్తుంది. రెండు చేతులూ పైకెత్తినప్పుడు వీపు అంచు బెల్టు దాటి పైకి రాకూడదు. కూర్చున్నప్పుడు ముందు అంచు తొడలలో గుచ్చుకోకూడదు. వీపు భాగం ముందు భాగం కంటే కొంత పొడవుగా ఉన్నవాటిని ఎంచుకోవడం ఇందుకే.

కాలరు మూసిన తరువాత రెండు వేళ్లు దూరే సందు ఉండాలి. హెల్మెట్ పెట్టుకొని తలను భుజం మీదుగా వెనక్కి తిప్పగలగాలి. కాలరు హెల్మెట్‌ను తన్నితే వెనుక వచ్చే బండిని చూసే అలవాటే తప్పిపోతుంది.

ఇంటి వద్ద కొలతలు

సిరోంచలోనో, అసరల్లిలోనో ఉన్నవారికి ఇటువంటి దుకాణం అందుబాటులో ఉండదు. నాగపూర్, హైదరాబాద్ వెళ్ళినప్పుడు కొనాలి, లేదా ఫోన్‌లో తెప్పించుకోవాలి. తెప్పించుకునేవారు తమ కొలతలు తామే తీసుకోకూడదు. చేయి ఎత్తగానే ఛాతీ కొలత మారిపోతుంది. రవికల దర్జీ దగ్గర ఉండే మెత్తని టేపు తీసుకొని ఇంటిలోని మరొకరు కొలవాలి.

చంకల కిందుగా, ఛాతీ అత్యంత వెడల్పుగా ఉన్నచోట చుట్టుకొలత తీసుకోవాలి. తరువాత పొట్ట చుట్టూ కొలవాలి. ఛాతీ కంటే పొట్ట పెద్దదైనవారు పొట్టను బట్టి కొంటే భుజాలు వేలాడతాయి. ఛాతీని బట్టి, పక్కల బిగించుకునే పట్టీలు ఉన్నదానిని కొనడం మేలు. చేతి పొడవును మెడ వెనుక ఎముక నుండి భుజం మీదుగా, కొద్దిగా వంచిన మోచేతి మీదుగా మణికట్టు ఎముక వరకు కొలవాలి. వీపు పొడవును అదే మెడ ఎముక నుండి బెల్టు కిందివరకు, ఒకసారి నిలబడి, మరొకసారి ముందుకు వంగి కొలిస్తే తేడా తెలుస్తుంది. దండ, ముంజేయి లావు కూడా రాసుకోవాలి. పొలం పనులు చేసేవారి ముంజేతులు పట్టణపు కొలతల్లో తరచుగా ఇమడవు. మంచి చొక్కాను ఆదిగా పంపడం వల్ల ఉపయోగం లేదు. గుడ్డ ఒంటి మీద వాలినట్లు తోలు వాలదు.

ఐరోపా కొలతల్లో 48, 50, 52 అనే అంకెలు ఛాతీ చుట్టుకొలతలో సగాన్ని సెంటీమీటర్లలో తెలుపుతాయి. 50 అంటే 100 సెంటీమీటర్లు, దాదాపు 40 అంగుళాలు. ఆ అంకె నుండి 10 తీసివేస్తే అంగుళాల కొలత ఇంచుమించుగా వస్తుంది. పట్టికలో ఉన్నది మనిషి కొలతా, జాకెట్ కొలతా అన్నది తప్పక అడిగి తెలుసుకోవాలి. రెండింటికీ కొన్ని అంగుళాల తేడా ఉంటుంది. తిరిగి పంపే వీలు లేని చోట ఎంత చవకగా వచ్చినా కొనకపోవడమే మంచిది. కొలత ఇచ్చి కుట్టించుకోదలచినవారికి ముంబయిలోని ధారావి తోలు దుకాణాలు పేరెన్నికగన్నవి. అయితే అక్కడ కూడా మోటారుసైకిలు కోసమని ముందే చెప్పి, మెత్తలు అమర్చే జేబులు పెట్టించాలి.

ఎదిగే వయసు పిల్లలకు రెండు సైజులు పెద్దది కొని ఇవ్వడం, అన్న విడిచినది తమ్ముడికి తొడగడం ఇళ్లలో మామూలే. చొక్కాల విషయంలో అది పొదుపు. ఈ విషయంలో మాత్రం ముందు చెప్పిన లాగుడు పరీక్ష పెట్టిన తరువాతనే ఒప్పుకోవాలి. మహిళలకు విడిగా కత్తిరించిన జాకెట్లు దొరుకుతున్నాయి. పురుషుల చిన్న సైజు వారికి భుజం వద్ద వదులుగా, నడుము కింద బిగుతుగా ఉంటుంది.

తోలు, లేబులు, రంగు

మోటారుసైకిలు జాకెట్‌కు ఆవు, గేదె, మేక తోళ్లు వాడతారు. ఆవు తోలు మందం ఒక మిల్లీమీటరుకు తగ్గకుండా ఉండటం మంచిది. గొర్రె తోలు చేతికి వెన్నలా తగులుతుంది కాని రాపిడికి త్వరగా చిరుగుతుంది. రెగ్జిన్ తోలు కాదు. కత్తిరించిన అంచులో గుడ్డ పోగులు కనిపిస్తే అది రెగ్జిన్ అని గుర్తించవచ్చు. కుట్లు రెండు వరుసలుగా ఉన్నాయో లేదో చూడాలి.

సీఈ అన్న అక్షరాలు చూసి తృప్తిపడరాదు. చాలా జాకెట్లలో ఆ గుర్తు లోపలి మెత్తకే చెందుతుంది. భుజం, మోచేతి మెత్తల ప్రమాణం ఈఎన్ 1621-1, వీపు మెత్తది ఈఎన్ 1621-2. వాటిలో రెండవ స్థాయి మొదటిదాని కంటే మెరుగు. మొత్తం జాకెట్‌కు వర్తించేది ఈఎన్ 17092. అందులో ఏఏఏ అత్యున్నత తరగతి, తరువాత ఏఏ, ఆపై ఏ. వీపు జేబులో చాలామంది తయారీదారులు పెట్టేది పలుచని స్పాంజి మాత్రమే. దానిని తీసివేసి అసలైన మెత్తను విడిగా కొనుక్కోవాలి, కాని ఆ మెత్తతో కలిపే కొలత చూసుకోవాలి.

నల్లని తోలు రాత్రి అడవి దారిలో కనబడదు. వీపు మీద, చేతుల మీద వెలుగుకు మెరిసే పట్టీ అతికించుకోవాలి. సైనికుల దుస్తులను పోలిన మచ్చల జాకెట్లను ఈ జిల్లాలో వేసుకోవద్దని పెద్దలు చెప్పే మాటకు కారణాలు వివరించనక్కరలేదు.

ఎండలో, వానలో

డిసెంబరు, జనవరి తెల్లవారుజామున తోలుకు మించిన తోడు లేదు. ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరే ఈ గోదావరి లోయలో అదే జాకెట్ వడదెబ్బకు దారితీయవచ్చు. గాలి ఆడుతుందని వదులు జాకెట్ కొనడం, జిప్పు తెరిచి నడపడం రెండూ తప్పే. వేసవికి అవే మెత్తలున్న జల్లెడ గుడ్డ జాకెట్ వేరుగా ఉంచుకోవాలి, లేదా చిన్న రంధ్రాలున్న తోలును ఎంచుకొని, ప్రయాణాన్ని పొద్దెక్కక ముందే ముగించుకోవాలి.

తడిసిన తోలును ఎండలో గాని పొయ్యి దగ్గర గాని ఆరబెట్టకూడదు. బిరుసెక్కి, ముడుచుకొని, కుదిరిన కొలత చెడిపోతుంది. వెడల్పాటి చెక్క హ్యాంగరుకు తగిలించి, నీడలో గాలికి ఆరనివ్వాలి. ప్లాస్టిక్ సంచిలో మూటకడితే వానాకాలం దాటేసరికి బూజు పడుతుంది. కొబ్బరినూనె పూయడం ఒక దురలవాటు. తోలు అతిగా మెత్తబడి సాగుతుంది, దుమ్ము అంటుతుంది. తోలు కోసం అమ్మే లేపనాన్ని సంవత్సరానికి రెండుసార్లు పలుచగా రాస్తే చాలు. జిప్పు పాడైతే బ్యాగులు బాగుచేసేవారు మార్చి ఇవ్వగలరు. విడిపోయిన కుట్టును మాత్రం నూలు దారంతో వేయించకూడదు. గట్టి నైలాన్ దారంతో, పాత రంధ్రాలలోనే కుట్టమని చెప్పాలి. కొత్త రంధ్రాలు పడేకొద్దీ తోలు ఆ గీత వెంట చిరుగుతుంది.