చేసేవారు, చేశారు

చోడవరంలో ఆడపిల్లలకు ఫ్రెంచి చెబుతున్నప్పుడు ‘అంపర్‌ఫే’ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ‘మేము’తో వచ్చే వర్తమాన రూపం ‘పార్లోఁ’. చివరి ‘ఓఁ’ తీసి ‘ఏ’ చేరిస్తే ‘పార్లే’, ‘మాట్లాడేదాన్ని’. ‘ఉండు’ క్రియ ఒక్కటే ఈ సూత్రానికి లొంగదు. తెలుగువాళ్ళకిది కొత్త కాదు, మన ‘చేసేవారు’ ఉండనే ఉంది.

శారదా చట్టం 1930 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఫ్రెంచి యానాంలో అది చెల్లదు. అందుకని బ్రిటిషాంధ్ర నుంచి పసిపిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళి పెళ్ళిళ్ళు ‘చేసేవారు’. చట్టానికి తేదీ ఉంది. 1954 నవంబరు 1న యానాం భారత పాలనలోకి రావడానికీ తేదీ ఉంది. పెళ్ళిళ్ళకు మాత్రం ఈ అలవాటు క్రియే మిగిలింది. ఒక్కో పిల్లకి అది ఒక్కసారే జరిగింది కదా!

అందుకే ‘ఆమెకు పెళ్ళి చేశారు’ అని కూడా రాయిస్తాను. ఈ వాక్యానికి ‘పాసే కోంపోజే’ కావాలి. అప్పుడు ఫ్రెంచి క్రియ చివర స్త్రీలింగ అక్షరం ఒకటి చేరుతుంది. పైకి పలకరు, రాయాలి.