గుండెకు మేలైన చేపల ఎంపిక

చేపను గుండె కోసం ఎంచుకునేవారు రెండు లెక్కలు చూడాలి. ఈపీఏ, డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు ఎంత ఉన్నాయన్నది ఒకటి, మీథైల్ పాదరసం ఎంత చేరిందన్నది రెండోది. తెలుగు తీరంలో ఈ రెంటికీ నిలిచేవి కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు. సాధారణంగా ఇవి వంజరం కన్నా చవక కూడా.

చేప నూనెకూ గుండెకూ ముడివేసిన తొలి పరిశోధకుల్లో డెన్మార్క్‌కు చెందిన బాంగ్, డైర్‌బర్గ్ ముఖ్యులు. 1970ల తొలినాళ్లలో వారు గ్రీన్‌లాండ్ ఇన్యూట్ల రక్తంలోని కొవ్వులను పరీక్షించారు. అయితే ఆ పరిశోధనకు పునాది అయిన, ఇన్యూట్లలో గుండెజబ్బు అరుదన్న మాటకు తగిన ఆధారం లేదని 2014 నాటి ఒక సమీక్ష తేల్చింది. వేల్స్‌లో గుండెపోటు నుంచి కోలుకున్న 2,033 మంది పురుషులపై జరిగిన ‘డార్ట్’ అధ్యయనం (1989) ఇంతకన్నా గట్టిది. కొవ్వు చేపలు తినమని సలహా పొందినవారిలో రెండేళ్లలో మరణాలు 29 శాతం తగ్గాయి. 2003లో ఆంజైనా రోగులపై వెలువడిన రెండో డార్ట్ ఫలితాల్లో ఆ మేలు కనబడలేదు సరికదా, ముఖ్యంగా చేప నూనె గుళికలు తీసుకున్నవారిలో గుండె మరణాలు పెరిగాయి. మొత్తం మీద సాక్ష్యం గుళిక కన్నా కూరలోని చేప వైపే మొగ్గుతోంది. వారానికి రెండుసార్లు, వండాక 85 గ్రాముల చొప్పున తినాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సూచన. మాంసానికి బదులుగా తింటేనే ఎక్కువ ఫలితం.

పాదరసం చిన్న చేప నుంచి దాన్ని తినే పెద్ద చేపకు చేరుతూ పేరుకుపోతుంది. జపాన్‌లోని మినమాతలో ఆ విషం సోకిన రోగులను 1956లో గుర్తించారు. అమెరికా ఎఫ్‌డీఏ కొలతల్లో సార్డైన్లలో (కవళ్లలో) పాదరసం సగటు 0.013 పీపీఎం, సొరది సుమారు 0.98. గర్భిణులు, బాలింతలు, పసిపిల్లలు తినకూడని చేపల జాబితాలో ఆ సంస్థ సొరను చేర్చింది. మన తీరంలో మాత్రం పాలు పడతాయని బాలింతకు సొర పుట్టు పెట్టడం పాత ఆచారం. ప్రేమతో పెట్టే ఆ వంటకు సొరకు బదులు చిన్న చేపలు వాడటం మేలు. వంజరం సంగతి అంత తేలిక కాదు. అమెరికా జాబితాలోని కింగ్ మాకెరెల్ దీని ప్రజాతిలోదే అయినా, ఆ కొలతను దీనికి యథాతథంగా అన్వయించలేం.

రొయ్యల్లో కొలెస్టరాల్ ఎక్కువ, సంతృప్త కొవ్వు తక్కువ. రోజుకు 300 గ్రాముల రొయ్యలు పెట్టిన ఒక అమెరికా అధ్యయనంలో (1996) చెడు కొలెస్టరాల్ 7.1 శాతం పెరిగితే, మంచిది 12.1 శాతం పెరిగింది. వేపుడుకూ ఉప్పు చేపకూ ఈ ఊరట వర్తించదు. శాకాహారులకు అవిసె గింజల్లో మరో రకం ఒమేగా-3 దొరుకుతుంది గానీ, శరీరం దాన్ని ఈపీఏగా మార్చుకునేది కొద్దిగానే.

తాజాదనం విషయంలో కానాగంతలకు ప్రత్యేక జాగ్రత్త కావాలి. పట్టిన వెంటనే మంచులో పెట్టకపోతే వాటిలో హిస్టమిన్ పుడుతుంది, ఎంత ఉడికించినా పోదు. తింటే ముఖం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి రావచ్చు. చేప చెడిపోకుండా ఫార్మలిన్ కలుపుతారన్న భయం వేరు. 2018 జులైలో అస్సాం ఆంధ్ర చేపలను పది రోజులు నిషేధించింది ఆ ఆరోపణతోనే. దాన్ని పట్టే పరీక్ష కిట్‌ను కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ రూపొందించింది.